డెవోటో దంపతుల ఆడియోబుక్ విన్నవాళ్ళున్నారా? పచ్చిక భూముల కబ్జా నుంచి కూరగాయల చాకు దాకా

గోధూళి

యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ వెళ్ళొచ్చి ఫొటోలు పెట్టే మనవాళ్ళు లక్షల్లో ఉంటారు. ఆ భూములు ఇంకా సర్కారు చేతిలోనే ఎందుకున్నాయని అడిగితే మాత్రం సమాధానం ఉండదు. ఈ మధ్య కారులో వింటున్న ఒక జీవిత చరిత్ర ఆ సంగతి మీదే. బెర్నార్డ్ డెవోటో, ఆయన భార్య ఏవిస్. ఇద్దరి కథా కలిపి 2022లో వచ్చిన పుస్తకం, దాని ఆడియో.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. బెర్నార్డ్ 1897లో యూటాలోని ఆగ్డెన్‌లో పుట్టాడు. తండ్రి ఇటలీ మూలాలున్న క్యాథలిక్, తల్లి మోర్మన్ (యూటాలో ఎక్కువగా ఉండే క్రైస్తవ శాఖ) కుటుంబం. అటూ ఇటూ కాని పెంపకం. ఊళ్ళో ఇమడలేక హార్వర్డ్‌కి పోయాడు. తర్వాత నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ చెబుతుంటే, అక్కడ చదువుకుంటున్న ఏవిస్ మెక్‌వికర్ పరిచయమైంది. ఆమెది మిషిగన్ ఉత్తర కొసన హౌటన్ అనే ఊరు. 1923లో పెళ్ళి. నాలుగేళ్ళకి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ చేరి అక్కడే స్థిరపడ్డారు. 1935 నుంచి 1955లో పోయేదాకా ఆయన హార్పర్స్ పత్రికలో నెలనెలా ఒక కాలమ్ రాశాడు. పదవి లేదు, పార్టీ లేదు, ఆస్తి అంతకంటే లేదు. ఉన్నదల్లా ఆ కాలమ్.

1946 వేసవిలో ఇద్దరు కొడుకులనీ వెంటేసుకుని దంపతులు కారులో పశ్చిమానికి వెళ్ళారు. పశ్చిమానికి దారి వెతుక్కుంటూ వెళ్ళిన పాతకాలపు అన్వేషకులు లూయిస్, క్లార్క్ నడిచిన దారి కళ్ళారా చూడాలని, ఆయన రాస్తున్న చరిత్ర కోసం. తిరుగుతుండగా అసలు విషయం చెవినపడింది. ప్రభుత్వ పచ్చిక భూముల్ని ముందు రాష్ట్రాలకి బదిలీ చేయించి, ఆనక రాష్ట్రాల నుంచి నామమాత్రపు ధరకి కొనేసుకోవాలని పశువుల ఆసాములూ గొర్రెల ఆసాములూ కలిసి పథకం వేస్తున్నారు. ఆ ఆగస్టులోనే సాల్ట్ లేక్ సిటీలో వాళ్ళ ఉమ్మడి కమిటీ కూర్చుంది. ఇంటికి తిరిగొచ్చాక 1947 జనవరి హార్పర్స్‌లో ఆయన దాన్నంతా బయటపెట్టాడు.

నాకు నచ్చింది ఏమిటంటే, పుస్తకం ఏవిస్‌ని వంటింట్లో వదిలేయలేదు. ఆయన రాతకి వెనకాల చేసిన పనంతా చూపిస్తుంది. విన్నవాళ్ళు మీరేమనుకున్నారో చెప్పండి.

డెన్వర్_వదిన

విన్నానండీ గోధూళి గారూ. నేను దీని దగ్గరికి వేరే దారిలో వచ్చాను, జూలియా చైల్డ్ వల్ల. అమెరికా వాళ్ళకి ఫ్రెంచ్ వంట నేర్పిన ఆవిడ.

1951లో బెర్నార్డ్ తన కాలమ్‌లో స్టెయిన్‌లెస్ స్టీలు చాకుల మీద విరుచుకుపడ్డాడు. మెరుస్తాయి కానీ తెగవు, పదును నిలవదు, ఆడవాళ్ళని మోసం చేస్తున్నారని. ప్యారిస్‌లో ఉన్న జూలియా అది చదివి, 1952లో ఉత్తరం రాస్తూ చిన్న ఫ్రెంచ్ కార్బన్ స్టీలు చాకు జతచేసి పంపింది. ఆయన పేరున వచ్చే పాఠకుల ఉత్తరాలకి జవాబులు రాసే పని ఏవిస్‌ది కాబట్టి జవాబు ఆమె రాసింది. అక్కడ మొదలైన స్నేహం. రెండేళ్ళపాటు ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఉత్తరాల మీద ఉత్తరాలు.

జూలియా తన జట్టుతో రాస్తున్న వంటల పుస్తకాన్ని ఏవిస్ నెత్తిన వేసుకుంది. తన వంటింట్లో ఒక్కో వంటా చేసి చూసి, అమెరికాలో ఏ దినుసు దొరుకుతుందో ఏది దొరకదో రాసి పంపేది. మొదట ఒప్పందం చేసుకున్న ప్రచురణ సంస్థ 1959లో వద్దనేస్తే, నాఫ్ సంస్థలో తనకి తెలిసినవాళ్ళ చేతిలో పెట్టించింది. అది 1961లో వచ్చింది. తర్వాతంతా తెలిసిందే.

భూముల పోరాటంలో ఇదెందుకంటారా? అదే గుణం కాబట్టి. ఒక పని చేయదగిందని నమ్మితే వెనకుండి తోయడం, పేరు అక్కర్లేకపోవడం.

మిరపకాయ్

"వెనకుండి తోయడం" అనేది చాలా అనుకూలమైన మాట వదినా. ప్రతి రచయిత భార్యా టైపు చేసింది, ఉత్తరాలు రాసింది, పిల్లల్ని పెంచింది. దాన్నే "దంపతుల పోరాటం" అంటే అతిశయోక్తి కాదా? కాలమ్ కింద సంతకం ఒకటే. సెనేటర్లు తిట్టింది ఒకణ్ణే. ఎఫ్‌బీఐ ఫైలూ ఆయనదే. ఈ రోజుల్లో జీవిత చరిత్ర అమ్ముడుపోవాలంటే భార్యని కూడా అట్ట మీదకి తేవాలి, అంతే.

పాతపుస్తకం

మిరపకాయ్ గారూ, కొంత నిజం, కొంత కాదు.

ఆయన మీద ఇంతకు ముందు వచ్చిన పెద్ద జీవిత చరిత్ర 1974 నాటిది. స్నేహితుడూ నవలాకారుడూ అయిన వాలెస్ స్టెగ్నర్ రాశాడు. ఆయన కూడా యూటాలో పెరిగినవాడే కాబట్టి ఆ నేల, ఆ కోపం బాగా అర్థమయ్యాయి. కానీ అప్పటికి ఏవిస్ బతికే ఉంది, 1989 దాకా ఉంది. బతికున్న మనిషి గురించి రాసేటప్పుడు ఉండే మొహమాటం ఒకటి ఉంటుంది. ఏవిస్, జూలియాల ఉత్తరాలు పుస్తకంగా వచ్చింది 2010లో. ఆమె గొంతు జనానికి వినపడింది అప్పుడే. వంటల మధ్యలో రాజకీయాలు, కమ్యూనిస్టులంటూ జనాన్ని వేటాడిన సెనేటర్ మెకార్థీ భయం, ఇంటి ఖర్చులు, భర్త తలనొప్పులు అన్నీ ఉంటాయి. కొత్త పుస్తకం ఆమెకి చోటివ్వడానికి కారణం ఫ్యాషన్ మాత్రమే కాదు, సామగ్రి కూడా.

ఇంకో విషయం. డబ్బు. హార్పర్స్ కాలమ్‌తో ఇల్లు గడవదు. బెర్నార్డ్ "జాన్ ఆగస్ట్" అనే మారుపేరుతో కాలియర్స్ పత్రికకి సీరియళ్ళు రాసేవాడు, కేవలం డబ్బు కోసం. వాటితో ఇల్లు నడిపి, ఆ ఇంట్లో శత్రువుల మీద కాలమ్ రాసుకునే వెసులుబాటు కల్పించింది ఎవరు? ఉద్యోగం లేని, ఎప్పుడు ఎవరిమీద విరుచుకుపడతాడో తెలియని మనిషితో ముప్ఫై ఏళ్ళు సంసారం చేయడం కూడా ఆ పోరాటంలో లెక్కలోకి వస్తుందని నా అభిప్రాయం.

మిరపకాయ్

సరే, డబ్బు మాట ఒప్పుకుంటాను. అట్ట మాట ఒప్పుకోను.

కర్నూలు_మంద

నేను వినలేదు, కానీ ఒక సందేహం. మాది గొర్రెలు మేపిన కుటుంబం. ఎండాకాలం వస్తే మంద తోలుకుని ఎన్ని ఊళ్ళు తిరిగేవాళ్ళో మా నాన్నకి తెలుసు. అడవిలోకి వెళ్తే గార్డు, పొలంలోకి వెళ్తే రైతు, ఇద్దరూ కొట్టేవాళ్ళే. ఎక్కడ చూసినా మేపుకునేవాణ్ణే విలన్ చేస్తారు. బోస్టన్ పక్కన కూర్చుని పత్రికలో రాసుకునే పెద్దమనిషికి గడ్డి మీద బతికేవాడి కష్టం ఏం తెలుసు?

గడ్డిపరక

కర్నూలు_మంద బ్రదర్, మంచి ప్రశ్న. నేను ఇక్కడ ఐడహోలో పచ్చిక నేలల మీదే పని చేస్తాను కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

1934కి ముందు అక్కడ సర్కారు పచ్చిక భూముల్లో అడిగేవాడు లేడు. ఎవరు ముందు తోలితే వాడిది. పశువుల వాళ్ళు, గొర్రెల వాళ్ళు కాల్పులు జరుపుకున్న చరిత్ర ఉంది. 1934లో టేలర్ చట్టం వచ్చింది. మేత భూముల్ని జిల్లాలుగా విడగొట్టి, పర్మిట్లు ఇచ్చి, 1936 నుంచి ఫీజు పెట్టారు. ఒక ఆవుకి నెలకి 5 సెంట్లు. ఐదు గొర్రెలు కలిస్తే ఒక ఆవు లెక్క. ఈ జిల్లాలకి సలహా బోర్డులు ఉండేవి. వాటిలో కూర్చున్నది అక్కడి పెద్ద ఆసాములే. పర్మిట్ ఎవరికి రావాలో చెప్పేది కూడా వాళ్ళే. మీ నాన్నగారి లాంటి మందవాడికి, సొంత భూమి లేకుండా ఊరూరూ తిరిగేవాడికి, అక్కడ పర్మిట్ దొరికేది కాదు. సొంత స్థలమూ నీళ్ళూ ఉన్నవాడికే ప్రాధాన్యం.

ఇక నెవాడా సెనేటర్ పాట్ మెకరన్. 1940ల్లో మేత భూముల శాఖ మీద ఏళ్ళ తరబడి విచారణలు నడిపాడు. ఇటు ఫీజు పెంచనిచ్చేవాడు కాదు. అటు దిగువ సభలోనేమో ఫీజు ఖర్చులకి కూడా సరిపోవడం లేదు కదా అని ఆ శాఖ బడ్జెట్ కోసేశారు. రెండు దెబ్బలకీ శాఖ చచ్చుబడింది. 1946లో దాన్ని పాత భూముల ఆఫీసుతో కలిపేసి బీఎల్ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) అని కొత్త పేరు పెట్టారు. కొత్తగా పుట్టిన ఆ శాఖకి కాళ్ళూచేతులూ లేవు. కబ్జాకి సరిగ్గా అదే అదను. అదే ఏడాది వయోమింగ్ సెనేటర్ రాబర్ట్‌సన్ బదిలీ బిల్లు పెట్టాడు.

డెవోటో తిట్టింది మేపుకునేవాణ్ణి కాదు. పర్మిట్‌ని పట్టాగా మార్చుకోబోయినవాణ్ణి.

గడ్డి సంగతి కూడా చెప్పాలి. కొండ వాలు మీద మోతాదుకి మించి మేపితే రెండు జరుగుతాయి. వేళ్ళతో మట్టిని పట్టుకునే బహువార్షిక గడ్డి పోతుంది. గిట్టల కింద నేల గట్టిపడి నీళ్ళు ఇంకవు. వాన పడితే మట్టీ బండలూ కలిసి ఊరి మీద పడతాయి. యూటాలో డేవిస్ కౌంటీలో 1923లోనూ 1930లోనూ అదే జరిగింది. పైన కొండల మీద మేతతోనూ మంటలతోనూ బోడి అయిన చోట్ల నుంచి బురద దిగి ఊళ్ళని కప్పేసింది, మనుషులు చనిపోయారు. డెవోటో పుట్టిన ఆగ్డెన్ ఆ పక్కనే. ఆయనకి కొండ గడ్డికీ కింద కుళాయి నీళ్ళకీ సంబంధం పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు.

కర్నూలు_మంద

పర్మిట్, పట్టా తేడా ఇప్పుడు అర్థమైంది. మా దగ్గరా అంతే, మేపేవాడి పేరు చెప్పి భూమి కొట్టేసేవాడు వేరే ఉంటాడు. ఇప్పుడు అక్కడ ఫీజు ఎంత?

గడ్డిపరక

2024లో ఒక ఆవూ దూడా నెల మేతకి 1.35 డాలర్లు. ప్రైవేటు భూమిలో అయితే దానికి ఎన్నో రెట్లు. 80 ఏళ్ళుగా ఇదే గొడవ.

హ్యూస్టన్_బుజ్జి

నేను 1.5 స్పీడులో వింటున్నా, సగంలో ఉన్నా. పేర్లు కలిసిపోతున్నాయి. మెకరన్ ఒకడు, మెకార్థీ ఒకడు, మెక్‌వికర్ అత్తారిల్లు. మధ్యలో బారెట్ ఎవడు? ఆడియోలో వెనక్కి వెళ్ళి వెతుక్కోవడం నరకం.

గోధూళి

హహ. బుజ్జీ, ముందు స్పీడ్ తగ్గించు. ఇలాంటి పుస్తకానికి పక్కన మ్యాప్ తెరిచి పెట్టుకోవాలి. ఆడియోలో ఉన్న లోటు అదొక్కటే. గ్రీన్ నది ఎటు పోతుందో, యాంపా ఎక్కడ కలుస్తుందో కంటికి కనపడకపోతే ఎకో పార్క్ డ్యామ్ గొడవ సగం అర్థం కాదు.

ఫ్రాంక్ బారెట్ వయోమింగ్ నుంచి దిగువ సభకి ఎన్నికైనవాడు. 1947లో పశ్చిమ రాష్ట్రాల్లో ఊరూరా తిరుగుతూ అటవీ శాఖ మీద విచారణలు పెట్టాడు. ఆసాములతో ఫిర్యాదులు చెప్పించి, శాఖని బోనులో నిలబెట్టాలని ప్లాను. అది తిరగబడింది. నీళ్ళ కోసం ఆ కొండల మీద ఆధారపడ్డ రైతులూ, వేటగాళ్ళూ, ఊరివాళ్ళూ లేచి ఎదురు మాట్లాడారు. పత్రికలు దానికి "బారెట్ వైల్డ్ వెస్ట్ షో" అని పేరు పెట్టాయి. సర్కస్ కంపెనీ లెక్కన. బదిలీ బిల్లులు ఏవీ పాస్ కాలేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది డెవోటో తన పశ్చిమం వాళ్ళ గురించి అన్న మాట. ఢిల్లీ మీద పడి ఏడ్చే మన రాష్ట్రాల నాయకులకీ సరిపోతుంది. వాషింగ్టన్‌తో వాళ్ళ బేరం ఇదట: "బయటికి పొండి, ఇంకా డబ్బివ్వండి."

శేషు_సాల్ట్‌లేక్

ఎకో పార్క్ మాట వచ్చింది కాబట్టి నేను దిగుతున్నా. మా ఇంటి నుంచి డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్ (నేషనల్ పార్కు లాంటి రక్షిత ప్రాంతం) కారులో వెళ్ళొచ్చే దూరం. తెలుగువాళ్ళు ఎవరైనా వస్తే ఆర్చెస్, జయన్ అంటారు, అక్కడికి ఎవరూ రారు. యూటా, కొలరాడో సరిహద్దు మీద ఉంటుంది. 1915లో డైనోసార్ ఎముకలు దొరికిన 80 ఎకరాలతో మొదలై, 1938లో రెండు నదుల లోయలూ కలిపి 2 లక్షల ఎకరాలు దాటించారు. గ్రీన్, యాంపా నదులు కలిసే చోటు ఎకో పార్క్. నిట్టనిలువు రాతిగోడ, కింద పచ్చిక, నది మలుపు.

అక్కడ డ్యామ్ కడతామని, డ్యాములు కట్టే కేంద్ర శాఖ బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ పట్టుబట్టింది. 1950 జూన్‌లో ఇంటీరియర్ సెక్రటరీ, అంటే ప్రభుత్వ భూములూ పార్కులూ చూసే మంత్రి, ఆస్కార్ చాప్‌మన్ సరేనన్నాడు. నెల తిరక్కుండా జులైలో డెవోటో సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్‌లో రాశాడు. హార్పర్స్ చదివేది చదువుకున్న కొద్దిమంది. పోస్ట్ అంటే మంగలి షాపులో, డెంటిస్టు దగ్గర, ప్రతి ఇంట్లో ఉండే పత్రిక. తర్వాత రీడర్స్ డైజెస్ట్ కూడా వేసింది. ఇదే ఆయన తెలివి. ప్రధాన వాదన ఇది: ఒక నేషనల్ మాన్యుమెంట్‌లో డ్యామ్ కట్టనిస్తే రేపు ఏ పార్కుకీ రక్షణ ఉండదు.

ఆ తర్వాత ప్రకృతి పరిరక్షణ సంఘాలవాళ్ళు, సియెర్రా క్లబ్ డేవిడ్ బ్రోవర్, వైల్డర్‌నెస్ సొసైటీ హవర్డ్ జానిసర్ పోరాటాన్ని అందుకున్నారు. 1954లో బ్రోవర్ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) కమిటీ ముందు కూర్చుని, బ్యూరో వాళ్ళ నీటి ఆవిరి లెక్కల్లో కూడికలు తీసివేతలే తప్పని చూపించాడు. ఇంజనీర్ల పరువు పోయింది. 1956 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన డ్యాముల చట్టంలో ఎకో పార్క్ లేదు. పైగా పార్కుల్లో, మాన్యుమెంట్లలో డ్యామ్ కట్టకూడదనే మాట చేర్చారు. డెవోటో అది చూడలేదు. అంతకు కొన్ని నెలల ముందే, 1955 నవంబరు 13న న్యూయార్క్‌లో గుండెపోటుతో పోయాడు.

మిరపకాయ్

శేషు గారు సగం చెప్పి ఆపేశారు. అదే చట్టంలో గ్లెన్ కాన్యన్ డ్యామ్ ఉంది కదా. ఎకో పార్క్ వదిలేయండి, గ్లెన్ కాన్యన్ కట్టుకోండి అనే రాజీ. అది పార్కు కాదు కాబట్టి దాని తరఫున గట్టిగా నిలబడ్డవాడు లేడు. 1963లో గేట్లు మూశారు. ఆ మునిగిన లోయ ఎకో పార్క్ కంటే ఎంతో పెద్దది. బ్రోవర్ చచ్చేదాకా దానికి బాధపడ్డాడు. "పార్కు పేరుంది కాబట్టి కాపాడాలి" అనే వాదనకి చెల్లించిన ధర అది. పేరు లేని నేలని ఏం చేస్తారు?

శేషు_సాల్ట్‌లేక్

నిజమే, ఆ డ్యామ్ వల్ల ఏర్పడ్డ లేక్ పావెల్ మీద బోటింగ్‌కి వెళ్ళే ప్రతిసారీ మా ఇంట్లో ఈ గొడవే. కానీ 1950లో ఆ వాదన కాకుండా ఇంకేది గెలిచేదో చెప్పండి. కరెంటు కావాలి, నీళ్ళు కావాలి అని నాలుగు రాష్ట్రాలు అరుస్తున్నాయి.

పాతపుస్తకం

డెవోటో చేతిలో వాదనలు ఇంకా ఉండేవి శేషు గారూ. 1953 అక్టోబరు కాలమ్ చూడండి. పార్కులకి కాంగ్రెస్ డబ్బివ్వడం లేదు. రోడ్లు గుంతలు, సిబ్బంది ఇళ్ళు పాకలు, జనం మాత్రం యుద్ధం తర్వాత విరగబడుతున్నారు. ఆయనిచ్చిన సలహా: యెల్లోస్టోన్, యోసెమిటీ, రాకీ మౌంటెన్, గ్రాండ్ కాన్యన్ మూసేయండి. సైన్యాన్ని కాపలా పెట్టండి. డబ్బిచ్చినప్పుడు తెరుద్దాం. వెటకారమే, కానీ ఏ నేత నియోజకవర్గంలో ఏ పార్కుందో చూసి గురిపెట్టిన వెటకారం. 1956లో పార్కుల బాగు కోసం పదేళ్ళ మిషన్ 66 పథకం వచ్చింది. దానికి ఈయనొక్కడే కారణం అనను, కానీ గంట కొట్టినవాళ్ళలో ముందున్నాడు.

హ్యూస్టన్_బుజ్జి

ఎఫ్‌బీఐ భాగంలోకి వచ్చా. మామూలు టెన్షన్ కాదు. గడ్డి గురించి రాసేవాడి మీద ఎఫ్‌బీఐ ఎందుకు?

డెన్వర్_వదిన

గడ్డి వల్ల కాదు బుజ్జీ. 1949 అక్టోబరులో ఆయన బాహాటంగా రాశాడు. పక్కింటివాడి గురించి, స్నేహితుడి గురించి ఎఫ్‌బీఐ వాడు ఇంటికొచ్చి అడిగితే నేనిక జవాబు చెప్పను, కోర్టులో ప్రమాణం చేయించి, ఎదుటి లాయరు ముందు అడగండి చెప్తాను అని. అది ఎఫ్‌బీఐ అధిపతి హూవర్‌కి మండింది. మెకరన్ కూడా ఊరికే గడ్డి సెనేటర్ కాదు, 1950లో కమ్యూనిస్టుల మీద తెచ్చిన అంతర్గత భద్రతా చట్టానికి ఆయన పేరే ఉంది. అంటే భూముల విషయంలో శత్రువూ, కమ్యూనిస్టుల వేట విషయంలో శత్రువూ ఒకడే అయ్యాడు. 1952 ఎన్నికల్లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన ఆడ్లై స్టీవెన్‌సన్‌కి ఉపన్యాసాల్లో సాయం చేసినందుకు మెకార్థీ టీవీలో ఈయన పేరెత్తి తిట్టాడు.

మిరపకాయ్ గారూ, ఇక్కడ ఆగండి. టీవీలో పేరు వచ్చాక ఇంటికి వచ్చే ఫోన్లూ ఉత్తరాలూ ఎవరు అందుకుంటారు? ఆ రోజుల్లో ఏవిస్ జూలియాకి రాసిన ఉత్తరాలు వెన్నలో వేయించిన చేపల గురించే కాదు. జూలియా భర్త పాల్ సర్కారు ఉద్యోగి. 1955లో ఆయన్నీ వాషింగ్టన్‌కి పిలిపించి విచారించారు. ఆ ఉత్తరాల్లో రెండు ఇళ్ళ భయం ఉంది. ఇది పోరాటం కాదంటే నేనొప్పుకోను.

మిరపకాయ్

భయం పంచుకోవడం వేరు, పోరాటం చేయడం వేరు. అయినా మీరు చెప్పిన కోణం బలంగానే ఉంది, ఆలోచిస్తా.

నల్లమల_గాలి

అందరూ ఒక విషయం దాటేస్తున్నారు. ఆసాములు కొట్టేయబోయారు, సర్కారు కాపాడింది, సరే. సర్కారు చేతికి ఎలా వచ్చాయి ఆ భూములు? మెకరన్ గారి నెవాడాలో ఈ రోజుకీ దాదాపు 80 శాతం భూమి కేంద్రానిది. అందులో చాలా భాగం పశ్చిమ షొషోనీలనే ఆదివాసులది. 1863 రూబీ వ్యాలీ ఒప్పందంలో వాళ్ళు దారి ఇవ్వడానికి ఒప్పుకున్నారు, భూమి ఇస్తామనలేదు. మేరీ డాన్, క్యారీ డాన్ అని ఇద్దరు షొషోనీ అక్కాచెల్లెళ్ళు తమ తాతల నేల మీద పశువులు మేపుకుంటుంటే, పర్మిట్ లేదని 1974లో సర్కారు కేసు పెట్టింది. 1985లో సుప్రీంకోర్టు వాళ్ళకి వ్యతిరేకంగా తేల్చింది. డెవోటో మెచ్చుకున్న అదే పర్మిట్ పద్ధతి.

ఆయన రాతల్లో "ఇది మనందరి భూమి" అనే మాట పదేపదే వస్తుంది. ఆ మనందరిలో వీళ్ళు ఎక్కడ? పుస్తకం మీద కాదు, ఆ కాలపు ఆలోచన మీదే నా ఫిర్యాదు.

గడ్డిపరక

ఈ ఫిర్యాదుకి నా దగ్గర జవాబు లేదు. మా ఆఫీసులో కూడా ఈ మాట ఎత్తితే గది నిశ్శబ్దం అవుతుంది.

పాతపుస్తకం

ఒక్క మాట కలుపుతాను. పశ్చిమాన్ని తూర్పు పెట్టుబడి దోచుకున్న "కొల్లగొట్టిన రాష్ట్రం" అని 1934లోనే రాసినవాడు డెవోటో. దోపిడీ ఎలా పనిచేస్తుందో అంత బాగా చూసినవాడు, మొదటి దోపిడీ దగ్గర చూపు అంతసేపు నిలపలేదు. నల్లమల_గాలి గారు వేలెత్తి చూపింది సరైన చోటే.

అమీర్‌పేట్_చందు

మరి మన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల సంగతి? 2025లో బుల్‌డోజర్లు దిగితే సుప్రీంకోర్టు ఆపింది కదా. మనకీ ఒక డెవోటో కావాలి.

మోడరేటర్

చందు గారూ, కంచ గచ్చిబౌలి మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ డెవోటోల దగ్గరే ఉందాం. పైన వ్యక్తిగత దూషణతో వచ్చిన ఒక పోస్టు తీసేశాను.

శేషు_సాల్ట్‌లేక్

పాత గొడవ అనుకునేవాళ్ళ కోసం: 2025 జూన్‌లో మా యూటా సెనేటర్ మైక్ లీ బడ్జెట్ బిల్లులో 20 లక్షల ఎకరాలకి పైగా ప్రభుత్వ భూములు అమ్మే క్లాజు పెట్టాడు. ఇళ్ళు కట్టడానికని సాకు. 1946లో మేత అన్నారు, ఇప్పుడు ఇళ్ళు. వేటగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, సొంత పార్టీ సెనేటర్లు కూడా ఎదురుతిరిగితే ఆ నెలాఖరుకి వెనక్కి తీసుకున్నాడు. మా ఆఫీసులో ట్రంప్‌కి ఓటేసిన ఇద్దరు జింకల వేటగాళ్ళు సెనేటర్ ఆఫీసుకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. బారెట్ విచారణల్లో లేచి నిలబడ్డ జనం వీళ్ళ తాతలే అయ్యుంటారు.

కర్నూలు_మంద

అమ్మడం అంటే ఒకసారి పోతే పోయినట్టే కదా.

గడ్డిపరక

అంతే. లీజు అయితే వచ్చే ప్రభుత్వం మార్చొచ్చు. రిజిస్ట్రేషన్ అయిపోయాక ఎవడూ ఏమీ చేయలేడు. బీఎల్ఎం చేతిలో ఇప్పుడున్నది దాదాపు 24.5 కోట్ల ఎకరాలు. ఇందులో చాలావరకు 1947లో బేరానికి పెట్టాలనుకున్న రకం నేలే. సేజ్ పొదలు, రాళ్ళు, అక్కడక్కడా గడ్డి. ఫొటో తీస్తే అందంగా రాదు. నేషనల్ పార్కుకి అభిమానులుంటారు, దీనికి ఉండరు. మిరపకాయ్ గారు అడిగిన పేరు లేని నేల ఇదే. దీని తరఫున పేజీలకి పేజీలు రాశాడు కాబట్టే నాకు డెవోటో అంటే గౌరవం. డ్యామ్ మీద గెలుపు కంటే ఇది పెద్దదని నా లెక్క.

మిరపకాయ్

ఈ ఒక్క పోస్టుకి లైక్.

హ్యూస్టన్_బుజ్జి

అయిపోయింది! చివర్లో ఏవిస్ ఒంటరిగా మిగిలాక ఏం చేసిందో ఇంకా ఉంటే బాగుండేది అనిపించింది. వచ్చే వేసవి ఐడహో వైపు వెళ్తున్నాం, డెవోటో పేరుతో ఏదో తోపు ఉందట కదా, ఎక్కడ?

గోధూళి

లోలో కనుమ దాటి ఐడహోలోకి దిగాక, 12వ నంబరు హైవే పక్కనే. పెద్ద పెద్ద ఎర్ర దేవదారు చెట్లు. లూయిస్, క్లార్క్ డైరీలని సంకలనం చేస్తున్న రోజుల్లో ఆయన అక్కడ బస చేసేవాడు. బూడిద ఆ అడవిలోనే చల్లారు. సిగ్నల్ ఉండదు, పెట్రోలు ముందే కొట్టించుకో. బంకులు దూరం.

భర్త పోయాక ఏవిస్ ఖాళీగా కూర్చోలేదు. నాఫ్ సంస్థకి కొత్త రచనలు వెతికిపెట్టే పని చేసింది, తర్వాత హార్వర్డ్‌లో ఉద్యోగం. 1961లో చైల్డ్ దంపతులు కూడా కేంబ్రిడ్జ్ వచ్చేశారు కాబట్టి ఉత్తరాల స్నేహం కాస్తా ఇరుగుపొరుగు స్నేహం అయింది.

డెన్వర్_వదిన

ఆ ఉత్తరాల సంపుటి మా లైబ్రరీలో ఉంది, ఈ వారం తెచ్చుకుంటున్నా. మిరపకాయ్ గారూ, చదివి మీ "అట్ట మీద భార్య" వాదనకి సరైన పేజీ నంబర్లతో వస్తా, సిద్ధంగా ఉండండి.

మిరపకాయ్

రండి. నేను స్టెగ్నర్ పుస్తకం ఆర్డర్ పెట్టా.